ఎవలు పిల్చిండ్రు బిడ్డా?

ఆమె కార్తీకంలో పోయింది. నాకు మాఘంలో తెలిసింది. అదీ మా ఇంటివాళ్ళు చెబితే కాదు, గాజులమ్మే మనిషి చెబితే.

మా ఊరు చొప్పదండికి దగ్గర. నేనుండేది మందమర్రిలో, బొగ్గు గని కాలనీలో. మధ్యలో గోదావరి ఉందిగాని సముద్రం లేదు. రైలు నడుస్తోంది, తపాలా నడుస్తోంది. మా తమ్ముడు ఆ కార్తీకంలోనే నాకు కార్డు రాశాడు. బర్రె ఈనిందని, దూడ నుదుటి మీద తెల్లమచ్చ ఉందని, వెనక గోడ వానకు కూలిందని రాశాడు. గోడ కూలిన సంగతికి కార్డులో చోటు దొరికింది. మనిషి పోయిన సంగతికి దొరకలేదు.

ఈ విషయంలో నన్ను పట్టించుకోకపోవడం ఇదే మొదలు కాదు. మీసం రాకముందు నుంచీ ఇంట్లో ఒకే మాట అడుగుతున్నాను. బాపును అడిగాను, నన్ను కన్న అవ్వను అడిగాను, గల్లీ పెద్దలను అడిగాను. ఒకరు నవ్వారు, ఒకరు కసిరారు, ఒకరు లేచి వెళ్ళిపోయారు. నోటితో అడిగితే ఎవరూ పలకలేదు కాబట్టి ఇప్పుడు అచ్చులో అడుగుతున్నాను.

గాజులామె మా ఊరి సంతకూ పోతుంది, మా కాలనీకీ వస్తుంది. ఆ రోజు మా ఆవిడ చేతిని రెండు చేతులతో పిసుకుతూ, “చెయ్యి జర ఢీలా ఇడువు బేటీ. నేనేమన్న బేడీలు ఏస్తున్ననా?” అని నవ్విస్తోంది. అంతలో నన్ను చూసి, “మీ గల్లీల అతుకులామె పోయింది కద భయ్యా, మీరు రాలే?” అంది.

“ఎప్పుడు?”

“అరే! మీకెవ్వరు చెప్పలే? కార్తీకంల. పడుగు కింద కూసున్నకాడనే పోయిందట. పోగు ఏళ్ళ నడుమ అట్లనే ఉన్నదట. నోట్లె కొంగు.”

ఆమె చెబుతూ ఉండగానే నేను గడప వైపు చూశాను. నా కూతురు అక్కడ కూర్చుని ఉంది. గౌను అంచు దాని నోట్లో ఉంది. మెల్లగా నములుతోంది.

*

మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తే నేతగాడు దాన్ని మొత్తం కోసి తీసెయ్యడు. కొసలు కొద్దిగా మిగులుస్తాడు. ఆ పాత కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే తెచ్చి, బూడిద అద్దిన వేళ్ళతో మెలిపెట్టి అతకాలి. ఒక్క పోగు తప్పినా బట్ట పొడుగునా గీత పడుతుంది. మా గల్లీలో ఆ పని ఆమెది. అందుకే అందరూ అతుకులామె అన్నారు. మేము పిల్లలం పెద్దవ్వా అనేవాళ్ళం. ఆమెకు సొంత పేరు ఉండే ఉంటుంది. ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు.

ఆమె వచ్చిన రోజు ఇంట్లో మగ్గం ఆగిపోయేది. నేత ఇంట్లో పుట్టినవాళ్ళకు ఆ మధ్యాహ్నాలు తెలుస్తాయి. పుట్టినప్పటి నుంచీ చెవిలో ఉన్న చప్పుడు ఒక్కసారి లేకుండా పోతే ఇల్లు మనది కానట్టు ఉంటుంది. ఎలుక నడిచినా వినబడుతుంది. ఆ నిశ్శబ్దంలో ఆమె పడుగు వెనక, మగ్గం గుంట పక్కన కూర్చునేది. పోగుల సందుల్లోంచి ఆమె ముఖం సన్నటి చీలికలుగా కనిపించేది. తల కదిలిస్తే చీలికలన్నీ కదిలేవి. వేళ్ళు వాటంతట అవే పోగును అందుకునేవి, మెలిపెట్టేవి, వదిలేవి. ఆమె వాటి వైపు చూసేది కాదు. ఇంట్లో పిల్లలు ఎక్కడుంటే అక్కడ చూసేది.

పని చేస్తున్నంతసేపూ కొంగు కొస ఆమె పళ్ళ మధ్య ఉండేది. మాట్లాడాల్సి వస్తే తీసేది కాదు, ఒక బుగ్గకు నెట్టి మాట్లాడేది. చీర ఏదైనా కొంగు కొస మాత్రం ఎప్పుడూ తడిగా, నల్లగా, పోగులు లేచి ఉండేది. కొత్త చీర కట్టిన మర్నాటికే అట్లా అయ్యేది.

ఇంకొకటి. ఆమె ఎవరినీ పేరు పెట్టి పిలిచేది కాదు. అవసరమైతే లేచి దగ్గరికొచ్చి భుజం తట్టేది. ఎక్కడో బయట ఒక తల్లి కూతుర్ని కేకేసి పిలిస్తే ఆమె వేళ్ళు ఆగేవి. ఆ పిల్ల “ఓ” అని పలికేదాకా కదిలేవి కావు. పలికాక గట్టిగా ఊపిరి విడిచేది. అది సంతోషమో భయమో నేను చెప్పలేను. పేరు పెట్టి ఒక్కసారే ఎవరైనా పిలిస్తే పలకకూడదని, మళ్ళీ పిలిస్తేనే పలకాలని మా వైపు అంటారు. మొదటి పిలుపు ఎవరిదో తెలియదు కదా. ఆమె ముందు మేము రెండో పిలుపుకు కూడా పలకడానికి జంకేవాళ్ళం.

*

నేను అంగి నమిలేవాణ్ణి. మెడ పట్టీ, చేతి అంచు, కింది కొస, ఏది అందితే అది. గంజి పెట్టిన కొత్త అంగి మొదట పుల్లగా ఉంటుంది, తర్వాత చప్పబడుతుంది, తర్వాత నూలు పళ్ళ కింద కిర్రుమంటుంది. ఆ కిర్రు వినబడితే నాకు లోపల ఏదో సర్దుకునేది. ఎందుకో నాకు తెలియదు. తెలియనిదాన్ని గురించి అందరూ నన్నే అడిగారు.

అడగడమంటే కొట్టడమే. బాపు కొట్టాడు. వేపాకు నూరి మెడ పట్టీకి రాశారు. చేదుతో సహా నమిలాను. మిరపపొడి రాశారు, పెదవులు వాచాయి, వాచిన పెదవులతో నమిలాను. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టారు; తాయెత్తు దారం నమిలాను. బడిలో సారు నా తడిసిన అంగి కొసను అందరికీ ఎత్తి చూపి, “గీనికి అవ్వ బువ్వ పెడ్తలేదట” అన్నాడు. మా చిన్నబాపు నాకు మ్యాక అని పేరు పెట్టాడు. పండగ పూట విస్తరి ముందు కూర్చుంటే గడ్డిపరక తెచ్చి పెట్టి “మే” అనేవాడు. నా పెళ్ళి పంక్తిలో కూడా, మా అత్తగారివాళ్ళ ముందు, అరిటాకు అంచు చించి నా వైపు జరిపి “మే” అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

మా అవ్వ ఒక్కతే నన్ను ఏమీ అనలేదు. నేను నములుతుంటే ఒకసారి చూసి బయటికి వెళ్ళిపోయేది. అది ప్రేమ అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం అతుకులామె మా ఇంట్లో పడుగు వెనక ఉంది. నేను గోడకు ఆనుకుని అంగి కొస నములుతున్నాను. పోగుల వెనక నుంచి మాట వచ్చింది.

“ఎవలు పిల్చిండ్రు బిడ్డా?”

“ఎవలు పిల్వలే.”

“మరి నోట్లె గుడ్డ ఎందుకు పెట్టుకున్నవు?”

నేను ఇంకా గట్టిగా నమిలాను.

“మంచిది. పలుకకు. మెల్లగ నములు. ముక్కుతోని ఊపిరి తీస్కో.”

ఆమె చెయ్యి పడుగు కింది నుంచి వచ్చింది. ముందు బూడిద వేళ్ళు, తర్వాత మణికట్టు, తర్వాత మోచెయ్యి. ముఖం మాత్రం పోగుల వెనకే ఉండిపోయింది. చూపుడు వేలు నా ముక్కు కింద ఆనించి అట్లాగే ఉంచింది. చల్లగా ఉంది ఆ వేలు. నేను ఊపిరి బిగబట్టాను. వేలు కదల్లేదు. ఇక ఆగలేక వదిలాను. అప్పుడు తల ఊపి, చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్ళీ పోగు అందుకుంది.

నా పై పెదవి మీద బూడిద చార మిగిలింది. గల్లీలోకి వెళ్తే పిల్లలు, “మ్యాకకు మీసాలొచ్చినయ్ రో!” అన్నారు. సాయంత్రం నూలు ఉతికి వచ్చిన మా అవ్వ ఆ చార చూసింది. కొంగు తడిపి తుడిచింది. చార పోయాక కూడా తుడిచింది. పెదవి మండి నేను ఏడ్చేదాకా తుడుస్తూనే ఉంది.

అతుకులామె మళ్ళీ వచ్చినప్పుడు నా అంగి లోపలి వైపు ఒక మెత్తటి పాత గుడ్డముక్క కుట్టింది. ఉడకబెట్టి ఆరవేసిన గుడ్డ, సబ్బు వాసన కూడా లేదు. “అంగి నమిల్తె పోగులు తెగి గొంతుల పడ్తయ్. గిది నములు,” అంది. ఆ రాత్రి అన్నం కాకముందే మా అవ్వ ఆ ముక్కను కుట్లు విప్పి తీసేసింది. తర్వాతిసారి ఆమె మళ్ళీ కుట్టింది. అవ్వ మళ్ళీ విప్పింది. ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడగా నేను చూడలేదు. ఆమె గడప లోపలికి అడుగు పెడితే మా అవ్వ వెనక తలుపు గుండా వెళ్ళేది. వాళ్ళిద్దరి మధ్య నడిచిందంతా నా అంగి అంచు మీదే నడిచింది. ఒకరు కుట్టిన దారం రంధ్రాలు, ఒకరు విప్పిన దారం రంధ్రాలు, అవే.

“దాన్ని మనింటికి పిలువకు,” అని ఒకసారి అవ్వ బాపుతో అనడం విన్నాను.

“మరెవలతుకుతరు? నువ్వతుకుతవా?”

అవ్వ లేచి వెనక తలుపు గుండా వెళ్ళింది.

ఆమె ఒక్క నన్నే అడిగిందని కాదు. నోట్లో గుడ్డ పెట్టుకున్న ఏ పిల్లనైనా అడిగేది. ఏ పిల్లకైనా ముక్కు కింద వేలు పెట్టి చూసేది. మా ఎదురింటి పిల్ల ఓణీ చించేసేంతగా నమిలేది. ఆ పిల్లను అడిగితే, “నన్ను ఎవలు పిలుస్తలేరు పెద్దవ్వా,” అని ఏడ్చింది. అతుకులామె పడుగు వదిలి ఆ ఇంటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

“చంటోడు పుట్టినంక గీ పిల్లను ఎవలన్న పిల్చిండ్రా?” అంది.

“పిలుస్తూనే ఉన్నం. నీళ్ళు తే, చీపురు తే అని.”

“అది పిలుసుడు కాదు,” అని తిరిగొచ్చేసింది. ఆ తల్లి మూతి తిప్పి, “అతుకులు పెట్టేటామె మాకు పిల్లలను పెంచుడు నేర్పొచ్చింది,” అంది. కాని కొన్నాళ్ళకు ఆ ఇంట్లోంచి ఆ పిల్లను ఊరికే, పనేమీ చెప్పకుండా, ముద్దు పేరుతో పిలవడం వినబడింది. ఓణీ అంచు బాగుపడింది.

నన్ను మటుకు ఎవరూ బాగుచెయ్యలేదు. నా ఊరట ఆ గుడ్డముక్క. దాన్ని మా అవ్వ విప్పేసేది.

*

నాకు పన్నెండేళ్ళప్పుడు అనుకుంటాను. జొన్న ఏపుగా పెరిగి మనిషి కనబడని రోజులు. కూలికి పోయిన బాపుకు సద్ది తీసుకుని చేల మధ్య తోవలో పోతున్నాను. మిట్టమధ్యాహ్నం. అతుకులామె తోవలో ఒక చేను పక్కన నిలబడి ఉంది. కొంగు కొస నోట్లో ఉంది. అప్పటిదాకా ఆమెను ఇంటి బయట ఎండలో నేను చూసినట్టు లేదు. ఎండలో ఆమె వేళ్ళ మీది బూడిద తెల్లగా మెరుస్తోంది.

“పెద్దవ్వా, ఏమైంది?”

“జర ఆగు. వాళ్ళు పోనీ.”

తోవలో ఎవరూ లేరు. అటు చూశాను, ఇటు చూశాను. జొన్న ఆకులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. ఆమె కళ్ళు మాత్రం గట్టు మీద ఎవరినో మెల్లగా దాటనిస్తున్నట్టు ఇటు నుంచి అటు కదిలాయి. కొంతసేపటికి నా వైపు తిరిగింది.

“గీ చేన్లెనే కూసున్నం,” అంది.

నైజాం రాజ్యం పోయే ముందు ఆ గడబిడ రోజుల సంగతి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. నాకు అప్పుడు మూడేళ్ళో ఏమో. ఏమీ గుర్తు లేదు.

“ఊరి మీద పడ్తరని అందరు ఉరికిండ్రు. దొరికిన పోరణ్ణి దొరికినట్టు ఎత్తుకున్నరు. నువ్వు నా సంకకొచ్చినవు.”

“మరి నీ పోరడు?”

ఆమెకు ఒక కొడుకు ఉండేవాడని నాకు అంతవరకూ తెలియదు. ఎట్లా అడిగానో కూడా తెలియదు.

“మీ అవ్వ సంకల.”

జొన్న ఆకుల చప్పుడు ఆగింది. గాలి ఆగింది కాబోలు.

“గట్టు మీద బూట్లు నడిచినయ్. నీ నోట్లె నా కొంగు పెట్టిన. మెల్లగ నములు బిడ్డా, ముక్కుతోని ఊపిరి తీస్కో అని చెవుల చెప్పిన. నువ్వు నమిలినవు.”

“మరి వాడు?”

“వాడు నమల్లే.”

ఆమె కొంగు నోట్లోంచి తీసింది. అంత దగ్గరగా ఆ కొసను నేనెప్పుడూ చూడలేదు. నా పళ్ళు అక్కడ ఉన్నాయా అన్నట్టు దాన్ని ఎండకు పట్టి చూసింది.

“మీ అవ్వ ఒకటే మాట చెప్పింది. ఎవలో వాణ్ణి పేరు పెట్టి పిల్చిండ్రట. వాడు పలుకవొయ్యిండట. గందుకే వాని నోరు గట్టిగ పట్టిందట. నేను పక్కన్నే ఉన్న బిడ్డా. నాకు ఇనబడలే.”

“ఎవలు పిల్చిండ్రు?”

“గదే అడుగుతున్న. గుడ్డ నములే పోరగాళ్ళనందర్ని అడుగుతున్న. ఎవలకన్న ఇనబడుతదేమోనని.”

నా ముక్కు కింద వేలు పెట్టింది. ఈసారి ఎక్కువసేపు ఉంచింది. తర్వాత కొంగు మళ్ళీ నోట్లో పెట్టుకుని, చేను వైపు చూడకుండా, ఊరి దిక్కు నడిచింది.

ఆ రోజుతో నేను అంగి నమలడం మానేశాను. కొట్టినందుకు మానలేదు, మిరపపొడికి మానలేదు, తాయెత్తుకు మానలేదు. ఆ చేను పక్కన మానాను. ఆ సంగతి కూడా ఎవరూ గమనించలేదు. చిన్నబాపు మాత్రం మ్యాక అనడం మానలేదు.

*

ఆ సాయంత్రమే అవ్వను అడిగాను. ఆమె పొయ్యి దగ్గర ఉంది.

“అవ్వా, గా జొన్న చేన్ల పెద్దవ్వ కొడుకును ఎవలు పిల్చిండ్రు?”

పొయ్యిలో పుల్ల సర్దింది. సర్దిన పుల్లనే మళ్ళీ సర్దింది.

“బువ్వ తిన్నవా?” అంది.

“తినలే.”

“తిను.”

పెట్టింది. నేను తింటున్నంతసేపూ బయటే ఉంది.

తర్వాత ఎన్నిసార్లు అడిగానో లెక్క లేదు. ప్రతిసారీ అదే. తిన్నానంటే, “ఇంకింత తిను.” బాపును అడిగితే, “పాత ముచ్చట్లు తవ్వకురా, ఫికర్ లేని పోరనివి,” అన్నాడు. ఆయన ఇప్పుడు లేడు. గల్లీ పెద్ద ఒకాయనను అడిగితే, “మ్యాకవు గడ్డి మెయ్యి, మాకెందుకు పెడ్తవు?” అన్నాడు. నేను నవ్వలేదు. ఇప్పటికీ నవ్వను.

నాకు పెళ్ళయింది. గని దీపాల గదిలో పని దొరికింది. షిఫ్టుకు దిగేవాళ్ళకు దీపాలు ఇవ్వడం, ఎక్కి వచ్చినవాళ్ళ దగ్గర తీసుకోవడం. కూతురు పుట్టింది. మొన్న వానాకాలం నుంచి అది గౌను నమలడం మొదలుపెట్టింది.

మా ఆవిడ అందరిలాగే వేపాకు నూరింది. నేను ఆ గిన్నె బయట పారేశాను. “మీ ఇంట్ల అందరికి మెదడు నములుడు అలవాటేనా?” అని నన్ను దులిపేసింది. దులపనీ. నేను వారం రోజులు పిల్లను చూస్తూ కూర్చున్నాను. ఎప్పుడు నములుతుంది, ఎప్పుడు మానుతుంది అని. ఆకలికి కాదు. నిద్రకు కాదు. గని సైరన్ కూసినప్పుడు. వేళకు కూసే కూతకు కూడా మా ఆవిడ ఒక్క క్షణం బిగుసుకుంటుంది. వేళకాని వేళ కూస్తే గనిలో ఏదో జరిగినట్టే, కాలనీ ఆడవాళ్ళంతా గేటు వైపు పరుగెత్తుతారు. పిల్ల తల్లి ముఖం చూస్తుంది. చూసి గౌను నోట్లో పెట్టుకుంటుంది.

“ఎవలు పిల్చిండ్రు బిడ్డా?” అని అడిగాను. ఆ మాట నా నోట్లోంచి రావడం నాకే కొత్తగా అనిపించింది.

“కూత,” అంది.

నేను ఉడకబెట్టిన మెత్తటి గుడ్డ గౌను లోపల కుట్టాను. నమలొద్దని అనలేదు. కూత వేళకు మా ఆవిడను పిల్ల దగ్గర కూర్చొని ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమన్నాను. “నీ బాపు దీపాలిచ్చేటాయన, కిందికి దిగడు, ఫికర్ చెయ్యకు,” అని మా ఆవిడ పిల్లకు చెబుతూ తనకు తానే చెప్పుకునేది. నమలడం తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఒకసారి మాత్రం కూత లేదు, ఏ చప్పుడూ లేదు. పట్టపగలు. పిల్ల గోడ మూలలో కూర్చొని నములుతోంది. ఎవలు పిల్చిండ్రు అని అడిగాను. అది నా వైపు చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుంది. మాట్లాడొద్దని. తర్వాత నా భుజం వెనక ఎవరో దాటుతున్నట్టు మెల్లగా ఇటు నుంచి అటు చూసింది.

దానికి ఈ సంగతులేవీ ఎవరూ చెప్పలేదు.

దసరాకు ముందు అవ్వ మా దగ్గరికి వచ్చింది. పిల్ల ఒళ్ళో ఉంది. సైరన్ కూసింది. పిల్ల గుడ్డ నోట్లో పెట్టుకుంది. అవ్వ లేచి బయటికి పోతుందనుకున్నాను, చిన్నప్పుడు నన్ను వదిలి పోయినట్టు. పోలేదు. ఆమె చెయ్యి లేచింది. చూపుడు వేలు పిల్ల ముక్కు కింద ఆనింది. కూత ఆగేదాకా వేలు అక్కడే ఉంది. పెదవులు కదులుతున్నాయి. నేను వంగి విన్నాను.

“ముక్కుతోని ఊపిరి తీస్కో. ముక్కుతోని.”

నా పెదవి మీద ఆ వేలి గుర్తును నేను ఏడ్చేదాకా తుడిచిన మనిషి.

“అవ్వా,” అన్నాను. “గా రోజు ఎవలు పిల్చిండ్రు?”

అవ్వ వేలు తీసి చీరకు తుడుచుకుంది.

“బువ్వ తిన్నవా?” అంది.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి వెళ్ళిపోయింది.

*

గాజులామె చెప్పిన తర్వాత నేను ఊరికి వెళ్ళాను. “ఎందుకు రాయలేదురా?” అని తమ్ముణ్ణి అడిగాను.

వాడు కాళ్ళ వైపు చూస్తూ, “అవ్వ వద్దన్నది అన్నా,” అన్నాడు.

ఆమె పోయిన ఇంటికి వెళ్ళాను. ఆ మగ్గం అట్లాగే ఉంది. పడుగు సగం దాకా అతికి ఉంది. మిగతా సగం కొసలు వేలాడుతున్నాయి. ఆ ఇంటాయన తల గోక్కుంటూ, “ఎవల్ని పిల్చినా వస్తలేరు. గామె వదిలిన పోగు పట్టుకోవాల్నంటే భయమైతున్నదట. మేం గీ అర్రల అడుగు పెడ్తలేం,” అన్నాడు. పడుగు కింద కూర్చున్నాను. ఆమె కూర్చున్న చోటే. పోగుల సందుల్లోంచి గది చీలికలుగా కనిపించింది. ఆఖరి అతుకు దగ్గర బూడిద ఇంకా ఉంది. దాని పక్క పోగు కొస మెలిపెట్టడానికి విప్పినట్టు విచ్చుకుని ఉంది. బయట ఎవరో ఎవరినో ఒక్కసారి పిలిచారు. ఎవరూ పలకలేదు. నా వేళ్ళు ఏం చేస్తున్నాయో చూసుకున్నాను. నా అంగి అంచు నా చేతిలో ఉంది.

లేచి ఇంటికి వెళ్ళాను. అవ్వ గడపలోనే ఉంది. నేను నోరు తెరవక ముందే అడిగింది, తిన్నావా అని.

కాబట్టి ఇది రాస్తున్నాను. తమ్ముడూ, ఇది అచ్చయితే అవ్వకు చదివి వినిపించు. మధ్యలో లేవనీయకు. పొయ్యి మీద ఏదో మాడుతోందంటే నువ్వు వెళ్ళి దించు.

అవ్వా, నాకు నీతో పోట్లాట లేదు. నాకు చాలామందితో ఉంది, నీతో లేదు. ఆ రోజు నువ్వు వాణ్ణి పలకనిచ్చి ఉంటే ఆ చేన్లో ఉన్నవాళ్ళెవరూ ఉండేవాళ్ళు కాదేమో. నేనూ ఉండేవాణ్ణి కాదు, నీ మనవరాలూ ఉండేది కాదు. పిలిచింది వాణ్ణి వెతుక్కుంటూ వచ్చిన వాడి తండ్రి కావచ్చు, గట్టు మీదివాళ్ళు కావచ్చు. ఎవరైనా సరే, పిలిచారని చెప్పు. నీకు వినబడిందని ఒక్కసారి నా ముఖం చూసి చెప్పు, నేను నమ్ముతాను. పెద్దవ్వ నమ్మలేక, నమ్మకుండా ఉండలేక, మా ముక్కుల కింద వేలు పెడుతూ బతుకంతా అడిగింది. ఎవరూ చెప్పకుండానే పోయింది. ఎవరూ పిలవకపోతే అదీ చెప్పు. ఇక్కడ నా కూతురు మళ్ళీ మూలకు చూస్తూ నములుతోంది. అది నన్ను అడిగిన రోజున నేను బువ్వ సంగతి ఎత్తను.

తిన్నాను అవ్వా. కడుపు నిండా తిన్నాను. ఇప్పుడు చెప్పు, ఎవలు పిల్చిండ్రు?